గుర్రం కాలి పుండు గురించి అమ్మలుకి

అమ్మలూ,

నీ మొదటి పోస్టింగ్ పాడేరు వైపు అని మీ అమ్మ చెప్పిన రోజే నాకు సగం టెన్షన్ మొదలైంది. ఆరు నెలలుగా మానని కాలి పుండున్న గుర్రాన్ని బాగుచేస్తానని ఒప్పుకున్నావని, కొండెక్కి వెళ్ళి కట్లు కడతానని వాళ్ళకి మాటిచ్చావని నిన్న తెలిసింది. దాంతో మిగతా సగం కూడా వచ్చేసింది. మీ అత్తయ్య మాత్రం నేను పొద్దుట్నుంచి ఇంటికొచ్చిన ప్రతివాడికీ "మా మేనకోడలు గుర్రాల డాక్టరు" అని చెబుతున్నానని నవ్వుతోంది. చెబితే తప్పేముంది?

నువ్వు గరివిడిలో చదివిన డాక్టరువి, నేను రిటైరైన కాంపౌండర్ని. మందుల పేర్లు, డోసులు నువ్వే నాకు చెప్పాలి. కానీ మీ కాలేజీకి ఆవులు, గేదెలు, కుక్కలు వచ్చినన్ని గుర్రాలు వచ్చుండవు. నేను ఏజెన్సీలో సంతలకి మిరియాలు, కాఫీ గింజలు మోసే గుర్రాల మధ్యే సర్వీసంతా గడిపాను. అందుకే ఈ ఉత్తరం. ఫోన్లో చెబితే "సరే మామయ్యా, సరే మామయ్యా" అని పెట్టేస్తావు.

ముందుగా గ్లాండర్స్ అనే అంటుజబ్బు సంగతి. మీ పుస్తకంలో అది ఏ చివరి పేజీలోనో ఉంటుంది, నా లెక్కలో మొదటి పేజీలో ఉండాలి. పుండు ఒక్కటే ఉందా, దాని పక్కన కాలి లోపలివైపు నరంలా ఉబ్బిన గీత మీద గడ్డలు వరసగా ఉన్నాయా అన్నది చెయ్యి వేయకముందే చూడు. ఆ గడ్డలు పగిలి తేనె రంగులో జిగట కారుతున్నా, ముక్కులోంచి చీమిడి వస్తున్నా అక్కడితో ఆగిపో. రక్తం తీయించి హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రానికి పరీక్షకి వెళ్ళేలా చూడు, పైవాళ్ళకి రిపోర్టు చెయ్యి. 2009 చట్టం ప్రకారం అది చెప్పి తీరాల్సిన జబ్బు. గుర్రానికి వైద్యం ఉండదు, ఆ జబ్బు మనిషికి అంటుకుంటుంది, ప్రాణం తీస్తుంది. రిజల్టు వచ్చేదాకా గ్లౌజులు, మాస్కు లేకుండా దగ్గరకి పోవద్దు. అది కాకపోవచ్చు, చాలాసార్లు కాదు కూడా. అయినా సరే.

ధనుర్వాతం సంగతి నీకు చెప్పక్కర్లేదు, గుర్రానికి ఇంజెక్షన్ వేసేసి ఉంటావు. మరి నీకు? అక్కడ తుప్పు తీగలు, పేడ, బురద. నువ్వు కూడా వేయించుకో.

ఇక పుండు. మీ అమ్మ చెప్పినదాన్ని బట్టి కుడి ముందు కాలు, మోకాలికీ డెక్కకీ మధ్య, ముందువైపు. గుర్రానికి ఛాతీ మీద చెయ్యంత చీలిక పడినా కండ ఉంటుంది కాబట్టి దానంతటదే పూడుకుంటుంది. మోకాలి కింద కండ లేదు. చర్మం బిగుతు, రక్తం తక్కువ, అడుగు తీసి అడుగు వేస్తే కదిలే చోటు, పైగా నేలకి దగ్గర. అంచుల నుంచి కొత్త చర్మం రోజుకి మిల్లీమీటరులో పదో వంతు జరిగితే గొప్ప. ఐదు సెంటీమీటర్ల వెడల్పు పుండు రెండు వైపుల నుంచీ మూసుకోవాలంటే లెక్క ఎనిమిది నెలలు దాటుతుంది. అంచులు దగ్గరకి లాక్కోవడం కలిసొస్తే కొంత తగ్గొచ్చు. ఈ లెక్క యజమానికి మొదటి రోజే చెప్పు. నెలలో మానిపోతుందని చెప్పావంటే రెండో నెలలో నాటువైద్యుడి దగ్గరకి వెళతాడు. తప్పు అతనిది కాదు, నీదే అవుతుంది.

అయితే నాకు అనుమానం ఇంకోచోట. కొండ మీద ఉండేవి పొట్టి గుర్రాలు. పెద్ద రేసు గుర్రాలకంటే పోనీలకి పుండ్లు తొందరగా మానతాయి, దుర్మాంసం, అంటే పుండులోంచి అతిగా ఉబ్బే మాంసం కూడా తక్కువ పెరుగుతుంది. అలాంటి జంతువుకి ఆరు నెలలైనా మానలేదంటే మానకపోవడానికి లోపల ఏదో ఉంది. అదేంటో తెలిసేదాకా ఏ ఆయింట్‌మెంటూ తెరవకు.

ఇది ఊరికే అనడం లేదు. నేను పనిచేసిన ఒక ఆస్పత్రికి ఇలాంటి గుర్రమే వచ్చింది. నలుపు, నుదుటి మీద తెల్ల చుక్క, చెప్పలేనంత నెమ్మది. కంచె తీగకి తగిలి మోకాలి కింది నలి ఎముక మీద చర్మం లేచిపోయింది. అప్పటి డాక్టరుగారు మంచివారే, పేదవాళ్ళ దగ్గర పైసా తీసుకునేవారు కాదు. ఆయనకి ఒక్కటే నమ్మకం: దుర్మాంసం పెరిగితే కోసెయ్యాలి, కోసిన చోట మైలుతుత్తం అద్దాలి. ఎర్రగా పువ్వులా ఉబ్బేది, కోసేవారు, తుత్తం వేసేవారు. దుర్మాంసంలో నరాలుండవు, కోస్తే నొప్పి తెలియదు, రక్తం మాత్రం ధారగా పోతుంది. గుర్రం కదలకుండా నిలబడుతోంది కదా, పని సులువుగా అవుతోంది కదా అని ఎవరూ ఆగి ఆలోచించలేదు. తుత్తం దుర్మాంసాన్ని కాలుస్తుంది, దాంతోపాటు అంచున అప్పుడే పాకుతున్న కొత్త చర్మాన్నీ కాలుస్తుంది. ఇంటికెళ్ళాక యజమాని సున్నం కూడా రాసేవాడు. ప్రతిసారీ పుండు మొదటికొచ్చేది. మధ్యలో సూది మొనంత రంధ్రం, దాంట్లోంచి రోజూ కాస్త చీము. ఆ రంధ్రాన్ని కూడా దుర్మాంసంతో పాటే కోసి చదును చేసేవారు, వారం తిరక్కుండా అది మళ్ళీ అక్కడే తెరుచుకునేది.

ఒకసారి యజమాని భార్య అడిగింది, "లోపల ముల్లేమన్నా ఉందేమో చూడండి బాబూ" అని. డాక్టరుగారు నవ్వి ఊరుకున్నారు. ఆవిడ చెప్పింది దాదాపు నిజం.

ఆయన బదిలీ అయ్యాక వచ్చిన కుర్ర డాక్టరు కత్తి తీయలేదు. సన్నటి ప్రోబు, అంటే లోహపు పుల్ల, ఆ రంధ్రంలోకి పంపి నన్ను చెవి దగ్గర పెట్టమన్నాడు. టక్కుమని ఎముక తగిలిన చప్పుడు. ఎక్స్‌రేలో చచ్చిన ఎముక ముక్క విడిగా కనబడింది. నలి ఎముక మీద చర్మం తప్ప పెద్దగా కప్పు లేదు. ఎముక పైపొర గీరుకుపోయి ఎండితే ఆ మేర ఎముక చచ్చి, కొన్ని వారాలకి విడిపోతుంది. అది లోపల ఉన్నంతకాలం పైన బంగారం పూసినా మానదు. గుర్రాన్ని పడుకోబెట్టి ముక్క తీశాక, అన్నాళ్ళూ మొండికేసిన పుండు మానడం మొదలుపెట్టింది. కానీ అప్పటికే ఆ గుర్రం రెండు సంవత్సరాల సంతలు పోగొట్టుకుంది, ఆ ఇంట్లో అప్పు చేశారు.

కాబట్టి ఎక్స్‌రే తీయించు. విశాఖకి తీసుకెళ్ళాల్సి వచ్చినా తీయించు. ఇక ముందు కొత్త దెబ్బలు వచ్చినప్పుడు ఒకటి గుర్తుంచుకో: మొదటి వారం ఎక్స్‌రేలో చచ్చిన ఎముక కనబడదు, నాలుగైదు వారాలకి మళ్ళీ తీయాలి. అలాగే కీలు పక్కన చిన్న పోటు పడి గుడ్డు తెల్లసొనలాంటి జిగురు కారితే అది చిన్న దెబ్బ కాదు, కీలు లోపలిదాకా తెగినట్టే, గంటల్లోనే వైద్యం మొదలవ్వాలి. ఈ గుర్రానికి ఎముక బాగుంటే పుండులోంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపు. వేసవిలో ఈగలు పెట్టే పురుగుల వల్ల వచ్చే పుండులో బియ్యపు గింజల్లాంటి పసుపు పలుకులుంటాయి. నీళ్ళు నిలిచిన పల్లాల్లో మేసే గుర్రానికి ఫంగస్‌లాంటి పిథియం పట్టినా పలుకులే వస్తాయి, దురదకి కొరుక్కుంటుంది. సార్కాయిడ్ అనే గడ్డ కూడా అచ్చం దుర్మాంసంలాగే ఉంటుంది. ఒక్కోదానికి ఒక్కో వైద్యం, నీకు తెలుసు.

కడగడం: మరిగించి చల్లార్చిన లీటరు నీళ్ళకి తొమ్మిది గ్రాముల ఉప్పు, అంతే. పెరాక్సైడు నురగ చూడ్డానికి బాగుంటుంది, వద్దు. అంటుకోని గాజుగుడ్డ, మీద మందంగా దూది రోలు, దానిమీద క్రేపు బ్యాండేజీ. దూది పొదుపు చేయకు, పలుచటి దూది మీద బిగించిన కట్టు స్నాయువుని నలిపేస్తుంది. రెండో కాలికి కూడా కట్టు కట్టు, బరువంతా దానిమీదే పడుతుంది. వానలో కట్టు తడిస్తే ఆ రోజే మార్చాలి, కాబట్టి ఇంట్లో ఎవరో ఒకరికి కట్టడం నేర్పు. ఆడవాళ్ళకే నేర్పు, మగవాళ్ళు సంతకి పోతారు.

దుర్మాంసం చర్మం మట్టాన్ని దాటితేనే కొయ్యి. కింద నుంచి పైకి కొయ్యి, లేకపోతే రక్తం కారి ఏమీ కనబడదు. అంచున గులాబీ రంగు గీతని ముట్టుకోకు. పుండు చదునుగా శుభ్రంగా వచ్చాక కూడా మూసుకోకపోతే, జూలు కింద మెడ చర్మంలోంచి చిన్న చిన్న బిళ్ళలు తీసి, వరి నారు నాటినట్టు ఎడంఎడంగా నాటుతారు. ఆ కుర్ర డాక్టరు చేస్తుంటే చూశాను. అన్నీ పట్టవు, పట్టినవి చుట్టూ పాకుతాయి.

ఇంకోటి. మేతకి వదిలినప్పుడు ముందరికాళ్ళకి బంధం వేస్తున్నారేమో చూడు. ఇప్పుడన్నీ నైలాను తాళ్ళు, డెక్క పైన చర్మాన్ని రంపంలా కోస్తాయి. నవారు పట్టీ కట్టమను.

ముందు కాలే కదా అని ధీమాగా ఉండకు తల్లీ, గుర్రం ముందు కాలితోనూ కొడుతుంది. మోకాళ్ళ మీద కూర్చోవద్దు, గొంతుక్కూర్చో, లేవడానికి వీలుగా. ఎదురుగా కాకుండా భుజం పక్కన ఉండు. రెండో ముందు కాలు ఎత్తి పట్టుకోవడానికి మనిషి లేకుండా కట్టు విప్పొద్దు. ఆ మనిషి ఫోను చూసుకునేవాడైతే ఇంకొకణ్ణి పిలువు. ఒక్కదానివే వెళ్ళొద్దు. మీ అమ్మకి ఈ పేరా చదివి వినిపించకు.

ఎక్స్‌రే వచ్చాక ఫోటో పంపించు. పుండు ఫోటోలో పక్కన స్కేలు పెట్టి తియ్యి, అదే దూరం నుంచి, అదే వైపు నుంచి, ప్రతి కట్టుకీ. దూది రోళ్ళు అక్కడ దొరక్కపోతే చెప్పు, విజయనగరంలో కొని బస్సులో వేస్తాను.

మీ పెదమామయ్య