ట్రిమ్మింగ్ తర్వాత పొట్ట కింద ఎర్రబడితే

మీ షిట్జూ కుక్కకి నిన్న జుట్టు తీయించాక పొట్ట కింద, తొడల లోపల ఎర్రబడిందని, అదే పనిగా నాకుతోందని రాశారు. చాలావరకు ఇది క్లిప్పర్ (జుట్టు తీసే మెషిన్) వల్ల వచ్చే మంటేనండీ. బ్లేడు వేడెక్కినా, ఒకేచోట పదేపదే తిప్పినా అక్కడి పల్చటి చర్మం ఇలాగే కందిపోతుంది.

ముందు నాకడం ఆపించండి. అసలు గొడవంతా దాంతోనే. చర్మం ఎప్పుడూ తడిగా ఉంటే బాక్టీరియా చేరి, ఆ ఎర్రమచ్చ కాస్తా ఒక్క రోజులో రసి కారే పుండవుతుంది. మెడకు కోన్ (నాకకుండా అడ్డుపడే గరాటు లాంటి పట్టీ) పెట్టి రాత్రి కూడా ఉంచండి, పాపం చిరాకు పడుతుంది కానీ తప్పదు. చల్లటి నీళ్లలో తడిపి పిండిన మెత్తటి గుడ్డను 5 నిమిషాలు ఆనించి ఉంచండి. తర్వాత రుద్దకుండా పొడిగుడ్డతో అద్దండి. రోజుకు 3 సార్లు చాలు. ఐస్ నేరుగా పెట్టొద్దు. మనం వాడే క్రీములు అసలే వద్దు. వాటిలో కొన్నిటిలో ఉండే జింక్ ఆక్సైడ్, టీ ట్రీ నూనె కడుపులోకి వెళ్తే కుక్కకు విషం. ఎరుపు పూర్తిగా తగ్గేదాకా స్నానం చేయించకండి.

2, 3 రోజుల్లో తగ్గుముఖం పట్టాలి. చీము, దుర్వాసన, వాపు కనిపించినా, మచ్చ పెరుగుతున్నా వెంటనే వెటర్నరీ డాక్టరుకు చూపించండి.

వీపు మీద చర్మం కనిపించేంత పొట్టిగా తీసి ఉంటే, జుట్టు పెరిగేదాకా మధ్యాహ్నపు ఎండలో తిప్పకండి. ఈసారి జుట్టు తీసేవాళ్లతో చెప్పి కనీసం అరంగుళం జుట్టు ఉంచమనండి. కొన్ని నిమిషాలకోసారి బ్లేడును తమ మణికట్టు లోపలివైపు ఆనించి చూడమనండి. చురుక్కుమంటే చల్లారేదాకా ఆగాల్సిందే.