రోమ్ ఓడ రోమ్‌లో ఉండదు

ఓడ ప్రయాణాలు: మీ ప్రశ్నలు, నా జవాబులు

మధ్యధరా సముద్రంలో క్రూయిజ్ గురించి కిందటి సంచికలో నాలుగు ముక్కలు రాస్తే ఉత్తరాలు వచ్చి పడ్డాయి. సగంమంది ఓడలో స్విమ్మింగ్ పూల్స్ ఎన్ని, షోలు ఎన్నింటికి అని అడిగారు. వాటికి కంపెనీ బ్రోషర్ చాలు. ప్యాసింజర్ ఓడల్లో వెయిటర్‌గా ఎక్కి హెడ్ వెయిటర్‌గా దిగినవాణ్ణి, కాబట్టి చెబుతున్నాను. ఓడ ఎక్కాక మిమ్మల్ని చూసుకోడానికి వెయ్యిమంది ఉంటారు, ఆ చింత వాళ్లకొదిలేయండి. విమానం దిగిన దగ్గర్నుంచి ఓడ మెట్ల దాకా, మళ్లీ ఓడ దిగిన దగ్గర్నుంచి విమానం దాకా మిమ్మల్ని పట్టించుకునే నాథుడు ఉండడు. తొలిసారి వెళ్లేవాళ్లు చిక్కుల్లో పడేది అక్కడే. అందుకని ఈసారి ఆ ఉత్తరాలే ముందు తీశాను.

ప్రశ్న: అన్నయ్యగారూ, మావారు బ్యాంకులో చేసి రిటైరయ్యారు. హైదరాబాద్‌లో ఉన్న మా అబ్బాయి వచ్చే మే నెలలో మా ఇద్దరికీ రోమ్ నుంచి రోమ్‌కి ఏడు రాత్రుల క్రూయిజ్ బుక్ చేస్తానంటున్నాడు. ఓడ సాయంత్రం 6కి బయల్దేరుతుందట. విమానం అదేరోజు పొద్దున్న 8కి దిగుతుంది, పది గంటల టైముంది, హోటల్ ఖర్చు దండగ అంటాడు. మాకేమో బెంగగా ఉంది. (ఎం.వి.పి. కాలనీ నుంచి ఒక గృహిణి)

జవాబు: మీ బెంగే కరెక్టమ్మా. అబ్బాయికి నా మాటగా చెప్పండి, రోమ్ ఓడ రోమ్‌లో ఉండదు. అది ఉండేది చివితవెక్కియా అనే ఊళ్లో, రోమ్‌కి 70 కిలోమీటర్ల పైచిలుకు. విశాఖలో ఓడ ఎక్కమని పిలిచి చీపురుపల్లికి రమ్మన్నట్టు ఉంటుంది వ్యవహారం. ఇదొక్కటే కాదు, రూటు కార్డులో ఫ్లోరెన్స్ అని ఉంటే ఓడ ఆగేది లివోర్నోలో, అక్కణ్ణుంచి ఫ్లోరెన్స్ ఇంచుమించు 90 కిలోమీటర్లు. వెనిస్ సంగతి ఇంకా చిత్రం. 2021 ఆగస్టు నుంచి పెద్ద ఓడల్ని ఊరి నడిబొడ్డున సెయింట్ మార్క్ చౌరస్తా ముందున్న నీళ్లలోకి రానివ్వడం లేదు. వెనిస్ అని అమ్మినవి కొన్ని మర్గేరాలో, కొన్ని త్రియెస్తెలో, కొన్ని రావెన్నాలో ఆగుతాయి. టికెట్ కొనేముందు పెద్దక్షరాల్లో ఉన్న ఊరి పేరు వదిలేసి, దాని పక్కన చిన్నగా రాసిన రేవు పేరు చూడండి.

ఇక మీ పది గంటలు. అందులో ఓడవాళ్లు గేటు మూసేది బయల్దేరే టైముకి కాదు, గంట ముందే, ఒక్కోచోట ఇంకా ముందే. ఇమిగ్రేషన్ లైను, సామాన్ల బెల్టు, చివితవెక్కియా ప్రయాణం తీసేయండి. విశాఖ నుంచి హైదరాబాద్, అక్కణ్ణుంచి గల్ఫ్, అక్కణ్ణుంచి రోమ్ అంటే రెండుచోట్ల విమానం మారాలి. మొదటిది గంట ఆలస్యమైతే చాలు, మిగతావన్నీ తారుమారు. మనుషులు అందుకున్నా సూట్‌కేసు అందుకోకపోవచ్చు. అది మర్నాడు రోమ్‌కి వస్తుంది, అప్పటికి ఓడ వేరే రేవులో ఉంటుంది. అలా వెనకబడ్డ పెట్టెలు రేవు తరవాత రేవు ఓడని వెతుక్కుంటూ వస్తాయి. రోజుల తరబడి అదే చొక్కాతో, అదే చీరతో నా టేబుల్ దగ్గర కూర్చున్న దంపతులకి నేను వడ్డించాను. పాపం, అందరూ ముస్తాబై వచ్చే ఫార్మల్ నైట్ ఫోటోకి కూడా అవే బట్టలు.

కాబట్టి కనీసం ఒక రోజు ముందు, మీ వయసుకి రెండు రోజుల ముందు దిగండి. విశాఖ–హైదరాబాద్ టికెట్టూ విదేశీ టికెట్టూ ఒకే పీఎన్ఆర్ మీద ఉండాలి. విడివిడిగా కొంటే కాస్త చవగ్గానే వస్తాయి కానీ, మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోతే ఎవరూ జవాబుదారీ కాదు.

హోటల్ ఎక్కడ అంటే, అందరూ రోమ్‌లోని పెద్ద రైల్వే స్టేషన్ టెర్మిని దగ్గర అంటారు. విమానాశ్రయం నుంచి లియొనార్డో ఎక్స్‌ప్రెస్ రైలు అరగంటలో అక్కడికే వస్తుంది, నిజమే. కానీ చివితవెక్కియా వెళ్లే రైళ్లు టెర్మినిలో మామూలుగా 25 నంబరు దాటిన ప్లాట్‌ఫారాల నుంచి కదులుతాయి, అక్కడికి పెట్టెలు లాక్కుంటూ నడవాలంటే మోకాళ్లు ఏడుస్తాయి. అవే రైళ్లు ఒస్తియెన్సే, త్రస్తేవెరె, శాన్ పియెత్రో స్టేషన్లలో కూడా ఆగుతాయి. నేనైతే త్రస్తేవెరె స్టేషన్ చుట్టుపక్కల తీసుకుంటాను. విమానాశ్రయం నుంచి లోకల్ రైలు నేరుగా వస్తుంది, ఓడకి వెళ్లే రైలూ అక్కడే దొరుకుతుంది. కాగితం టికెట్ కొంటే ప్లాట్‌ఫారం మీదున్న చిన్న మిషన్‌లో ముద్ర వేయించుకుని మరీ ఎక్కాలి, లేకపోతే జరిమానా. హోటల్ బుక్ చేసేటప్పుడు లిఫ్ట్ ఉందా అని అడగండి, పాత బిల్డింగుల్లో లిఫ్ట్ ఉన్నా ఇద్దరు మనుషులు, ఒక పెట్టె పట్టేంతే. తలకింత అని రాత్రికి సిటీ టాక్స్ విడిగా కట్టాలి, అది ఆన్‌లైన్‌లో కట్టిన డబ్బులో సాధారణంగా కలవదు.

చివితవెక్కియాలో రైలు దిగాక లార్గో డెల్లా పాచె అనే చోటు దాకా బస్సు, అక్కణ్ణుంచి ఓడ దాకా పోర్టువాళ్ల షటిల్. ఇదంతా చెయ్యలేం అనుకుంటే ముందే మాట్లాడుకున్న కారు. కారు ధర బండికి, ఓడ కంపెనీ బస్సు ధర మనిషికి. ఇద్దరికైతే కంపెనీ బస్సు, నలుగురైతే వ్యాను, లెక్క అంతే.

ఓడ దగ్గర పోర్టర్ మీ పెట్టెలు తీసుకుపోతాడు. అవి మీ కేబిన్ గుమ్మం ముందుకి వచ్చేసరికి సాయంత్రం కావచ్చు. పాస్‌పోర్టు, బీపీ మాత్రలు, షుగరు మందులు, కళ్లద్దాలు, ఒక జత బట్టలు చేతిసంచీలోనే ఉండాలి. ఆఖరి రాత్రి ఇదే తిరగేసి జరుగుతుంది, పెట్టెలు గుమ్మం బయట పెట్టేసి పడుకోమంటారు. ఉన్న బట్టలన్నీ సర్దేసి, పొద్దున్న నైటీతో దిగాల్సొచ్చిన ఆవిడ్ని కూడా చూశాను. తిరుగు విమానం మధ్యాహ్నం రెండు దాటాకే తీసుకోమనండి అబ్బాయిని.

ప్రశ్న: మేం శాకాహారులం. మా అత్తగారు ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టరు. చిన్న రైస్ కుక్కర్, నెయ్యి, పచ్చళ్లు పట్టుకెళ్తే సరిపోతుందా? (గాజువాక నుంచి ఒక కోడలు)

జవాబు: కుక్కర్ ఇంట్లో వదిలేయమ్మా. వేడెక్కే వస్తువు ఏదైనా, అంటే కుక్కర్, కెటిల్, ఇస్త్రీపెట్టె, ఓడ ఎక్కేచోట స్కానర్‌లో పట్టేసుకుంటారు. సముద్రం మధ్య నిప్పుకి మించిన భయం మాకు లేదు. నెయ్యి కూడా వద్దు. మాంసం, పాలు, వాటితో చేసిన పదార్థాలు బయటి దేశాల నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి సామాన్లలో తెచ్చుకోకూడదు, విమానాశ్రయంలోనే తీసి పారేస్తారు. కందిపొడి, కరివేపాకు పొడి కంపెనీ సీలున్న ప్యాకెట్లలో తీసుకెళ్లండి. ఇంట్లో కట్టిన పొట్లాల్ని ఓడలోకి రానివ్వరు. ఆవకాయ కూడా సీలున్నదే, అదీ చెకిన్ పెట్టెలో, రెండు కవర్లు చుట్టి.

ఇప్పుడు అసలు సంగతి. క్రూయిజ్ ఓడల వంటిళ్లలో మనదేశం వాళ్లు బోలెడుమంది, గోవా వాళ్లు మరీ ఎక్కువ. పప్పు, అన్నం, రొట్టె, ఆలూ వండటం వాళ్లకి పెద్ద పనేం కాదు. కాకపోతే ముందు చెప్పాలి. బుకింగ్ అప్పుడే ఇండియన్ వెజిటేరియన్ అనీ, అత్తగారికి జైన్ భోజనం అనీ రాయించండి. జైన్ అంటే ఉల్లి, వెల్లుల్లితో పాటు దుంపలు కూడా పెట్టరు, ఆవిడకి బంగాళాదుంప ఫరవాలేదంటే ఆ మాట విడిగా చెప్పాలి.

రాయించామని ధీమాగా ఉండిపోకండి. మొదటి సాయంత్రం డైనింగ్ హాల్లో కూర్చోగానే హెడ్ వెయిటర్‌ని పిలవమని అడగండి. ఆయన చిన్న పుస్తకం తీసి రాసుకుంటాడు. ఆ పుస్తకంలో మీ పేరుండదు, టేబుల్ నంబరు, సీటు నంబరు ఉంటాయి. 214లో మూడో సీటు, ఉల్లి లేదు. అంతే. వంటింట్లోంచి పళ్లెం ఆ నంబరు మీదే బయటికొస్తుంది. మర్నాడు కిటికీ పక్కన బావుందని అత్తగారు సీటు మారారా, ఆవిడ పప్పు మీ మరిదిగారి ముందుకి, ఆయన ఉల్లికూర ఆవిడ ముందుకి వస్తాయి. వారం రోజులూ ఎవరి సీటు వాళ్లదే. రేపటి భోజనం ఇవాళ రాత్రే చెప్పేయాలి, పప్పు నానబెట్టాలి కదా వాళ్లు కూడా.

మధ్యధరా ఓడల్లో ఇటలీ, స్పెయిన్ జనం ఎక్కువ కాబట్టి రాత్రి భోజనాలు ఆలస్యం. రెండు సిట్టింగులుంటే మొదటిది అడగండి, షుగరున్న పెద్దవాళ్లకి తొమ్మిదింటి భోజనం పనికిరాదు. టికెట్‌లో కలిసేది మెయిన్ డైనింగ్ హాలు, బఫే. స్పెషాలిటీ రెస్టారెంట్లకి విడిగా బిల్లు. కొన్ని ఓడల్లో రాత్రి టేబుల్ మీద తెచ్చే నీళ్ల బాటిల్‌కి కూడా డబ్బులే, తాగేశాక ఆశ్చర్యపోవద్దు. డ్రింక్స్ ప్యాకేజీ మీ ఇంటికి అక్కర్లేదు.

ఒడ్డున తినాలంటే ఇటలీలో పిజ్జా మరినారా అడగండి. టమాటా, వెల్లుల్లి, ఒరెగానో, నూనె, అంతే. చీజ్ ఉండదు, పేరులో సముద్రం ఉందని చేప అనుకుని భయపడకండి. అత్తగారికి మాత్రం వెల్లుల్లి తీసేయమనాలి. పార్మెజాన్ చీజ్ దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్‌తో, అంటే పాలు విరగ్గొట్టే పదార్థంతో చేస్తారు. ఆ పట్టింపు ఉన్నవాళ్లు పాస్తా మీద చల్లనివ్వకండి. కూరగాయల సూప్ అన్నా, ఉడకబెట్టింది మామూలు నీళ్లలోనో, మాంసం ఉడికిన నీళ్లలోనో అడిగాకే చెంచా ముంచండి.

ప్రశ్న: అంకుల్, మా రూటు బార్సిలోనా, మార్సెయ్, జెనోవా, నేపుల్స్, ట్యూనిస్, మళ్లీ బార్సిలోనా. వీసా ఏ దేశానికి పెట్టాలి? (మధురవాడ నుంచి ఒక సాఫ్ట్‌వేర్ జంట)

జవాబు: ఒకే వీసాతో తిరగనిచ్చే యూరప్ దేశాల్ని షెంగెన్ అంటారు. ఏ షెంగెన్ దేశంలో ఎక్కువ రోజులుంటే దానికి. సమానమైతే ముందు అడుగుపెట్టే దేశానికి. మీరు బార్సిలోనాలో ముందూ వెనకా హోటల్ రాత్రులు కలిపితే స్పెయిన్ తేలిగ్గా నెగ్గుతుంది. ట్యూనిస్ షెంగెన్‌లో లేదు, కాబట్టి మల్టిపుల్ ఎంట్రీ వీసా అడగాలి. సింగిల్ ఎంట్రీతో వెళ్లి ట్యూనిస్ చేరితే తిరిగి యూరప్‌లోకి రావడానికి వీసా చాలదు, అసలు ఓడే ఎక్కనివ్వకపోవచ్చు. పెద్దవాళ్లకి ఫీజు 90 యూరోలు, సర్వీస్ ఛార్జి అదనం. ఇన్సూరెన్స్ 30,000 యూరోలకి తగ్గకూడదు, అందులో క్రూయిజ్ కూడా కలిసేలా తీసుకోండి, ఓడ డాక్టరు ఉచితం కాదు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ పెట్టుకోవచ్చు. వేలిముద్రలకి హైదరాబాద్ వెళ్లడానికి ఒకరోజు సెలవు ఇప్పుడే అడిగి ఉంచుకోండి.

ప్రశ్న: రేవుల్లో ఓడవాళ్ల టూర్లు చాలా ఖరీదు. సొంతంగా తిరగొచ్చా? (భీమిలి నుంచి ఒక చరిత్ర మాస్టారు)

జవాబు: రేవుని బట్టి, మాస్టారూ. ఓడ కంపెనీ బస్సు ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఓడ ఆగుతుంది. మీ టాక్సీ ఇరుక్కుంటే ఆగదు. డెక్ మీద జనం చప్పట్లు కొడుతుంటే రేవు గట్టు మీద పరిగెత్తుకొచ్చేవాళ్లని నేను చాలాసార్లు చూశాను. వాళ్లు తరవాతి రేవుకి సొంత ఖర్చుతో రావాలి. అందుకని రోమ్, ఫ్లోరెన్స్ లాంటి దూరాలకి కంపెనీ బస్సుకే డబ్బు పెట్టండి.

నేపుల్స్ అలా కాదు, ఓడ ఊరి నడిబొడ్డునే ఆగుతుంది. పాంపే చూడాలంటే రేవు ఎదురుగా మునిచిపియో మెట్రో ఎక్కి గరిబాల్ది, అక్కడ చిర్కుంవెసువియానా రైలు ఎక్కి పాంపే స్కావి – విల్లా దెయ్ మిస్తేరి అన్న స్టేషన్‌లో దిగాలి. పాంపే అని ఉత్తినే రాసున్న స్టేషన్ వేరే లైన్లో ఉంది, అది మీది కాదు. ఆ రైల్లో పర్సు ముందు జేబులో. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బూడిద కప్పేసిన ఊరు అది, బండి చక్రాల గాడులు రాతిదారిలో ఇంకా కనిపిస్తాయి. చరిత్ర మాస్టారు గనక మీరు అక్కడ కదలరు, అందుకే చెబుతున్నా, వాచీని ఓడ టైముకి పెట్టుకోండి. రోజుకి 20,000 మందినే రానిస్తున్నారు, టికెట్ పేరుతో ముందే కొనాలి. నీడ ఉండదు, టోపీ తప్పనిసరి. మంచినీళ్ల కుళాయిలు లోపల ఉన్నాయి.

ప్రశ్న: వాల్తేరు అప్‌లాండ్స్ నుంచి ఒకరు మూడే ముక్కలు రాశారు: ఫోన్, బాల్కనీ, వాంతులు.

జవాబు: ఓడ కదలగానే ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. లేదంటే ఓడ శాటిలైట్ నెట్‌వర్క్‌ని పట్టుకుని, మీ యూరప్ రోమింగ్ ప్యాకేజీతో సంబంధం లేకుండా బిల్లు లేస్తుంది. రోజూ ఒక రేవు ఉండే రూటుకి బాల్కనీ దండగ. ఆ డబ్బుతో ఊళ్లో మంచి హోటల్ తీసుకోండి. వాంతుల భయముంటే కింది అంతస్తులో, ఓడ మధ్యలో కేబిన్ అడగండి. అంతగా అనుమానమైతే ముందు చెన్నై నుంచి మన విశాఖ వచ్చి వెళ్లే క్రూయిజ్ ఏదైనా పడినప్పుడు ఎక్కి చూడండి. 2022లో ఎంప్రెస్ అనే ఓడ అలాగే వచ్చింది, 2023లో మన పోర్టులో క్రూయిజ్ టెర్మినల్ కూడా తెరిచారు. బంగాళాఖాతం తట్టుకున్న కడుపు మే నెల మధ్యధరాకి బెదరదు.

ప్రశ్న: టిప్పులు ఎంతివ్వాలి? మీరు వెయిటర్‌గా చేశారు కాబట్టి మొహమాటం లేకుండా చెప్పండి. (సీతమ్మధార)

జవాబు: మొహమాటం ఏముంది. చాలా ఓడల్లో తలకి రాత్రికింత అని సర్వీస్ ఛార్జి మీ ఖాతాలో వాళ్లే వేసేస్తారు, బుకింగ్‌లోనే కలిసిందో లేదో ముందు చూసుకోండి. ఆఖరి రాత్రి కౌంటర్ దగ్గర లైను కట్టి దాన్ని తీయించుకునేవాళ్లు ఉంటారు, మనవాళ్లు కూడా. తీయించుకుని, తమకి వడ్డించినవాడికి పది యూరోలిచ్చి న్యాయం చేశామనుకుంటారు. ఆ ఛార్జిలోంచే దుప్పట్లు ఉతికేవాళ్లకీ, గిన్నెలు తోమేవాళ్లకీ వాటా వెళ్తుంది, వాళ్లు మీకు కనిపించరు. దాన్ని ఉండనివ్వండి. ఆపైన ఇవ్వాలనిపిస్తే చిన్న కవర్‌లో పెట్టి, వెయిటర్‌తో పాటు మంచినీళ్లు పోసే కుర్రాడికి కూడా ఇవ్వండి. చాలామంది వాణ్ణి మర్చిపోతారు.