పదింటికి పడుకోవడం కుదరకపోతే పదకొండున్నర దాకా ఆగాలా?

ప్రశ్న: నా వయసు 36. విజయవాడలో బ్యాంకు ఉద్యోగం. పాప స్కూల్ బస్సు 7.10కి వస్తుంది, అందుకని 5.30కే లేవాలి. నిద్ర 90 నిమిషాల సైకిల్స్‌గా సాగుతుందని, సైకిల్ మధ్యలో లేస్తే తల బరువుగా ఉంటుందని ఒక యాప్‌లో చూశాను. దాని లెక్క ప్రకారం రాత్రి 10కి గానీ 11.30కి గానీ నిద్రపోవాలి. గిన్నెలు, మర్నాటికి కూరగాయలు, యూనిఫామ్ ఇస్త్రీ అయ్యేసరికి చాలా రోజులు పదిన్నర దాటుతుంది. అప్పుడు ఫోన్ చూస్తూ 11.30 దాకా మేలుకుంటున్నాను. ఆదివారం మాత్రం 8.30 వరకు లేవను. అయినా పొద్దున్నే తల దిమ్ముగా ఉంటోంది. చేతి వాచీలో గాఢనిద్ర 50 నిమిషాలే అని వస్తోంది. నేను ఏ వేళకు పడుకుని ఏ వేళకు లేవాలి?

జవాబు: ముందు ఆ 11.30 దాకా మేలుకోవడం ఈ రాత్రి నుంచే మానేయండి. 10.40కి మంచం ఎక్కే వీలు చిక్కితే 10.40కే పడుకోండి. పదింటి బస్సు తప్పిపోతే పదకొండున్నర బస్సు కోసం స్టాండులో కాచుకున్నట్టు నిద్ర కోసం కాచుకోనక్కర్లేదు. ఎప్పుడు కన్ను మూతపడితే అప్పుడే మొదటి సైకిల్ మొదలవుతుంది. యాప్ మాట విని మీరు చాలా రాత్రులు ముప్పావుగంట, గంట నిద్ర పోగొట్టుకుంటున్నారు. మీ తల బరువుకు నాకు కనిపిస్తున్న మొదటి కారణం అదే.

సైకిల్స్ అన్నది అబద్ధం కాదు. 1953లో షికాగో విశ్వవిద్యాలయంలో యూజీన్ అసెరిన్‌స్కీ, నథానియల్ క్లైట్‌మన్ నిద్రలో కనుగుడ్లు గబగబా కదిలే దశ ఒకటి ఉందని ప్రకటించారు. ఆ తర్వాత రాత్రంతా మెదడు తరంగాలను నమోదు చేస్తూ పోతే తేలిక నిద్ర, గాఢనిద్ర, కలల నిద్ర (కనుగుడ్లు కదిలే దశ ఇదే) మళ్లీ మళ్లీ వస్తూ ఉంటాయని తేలింది. ఇలా ఒక చుట్టు తిరిగితే ఒక సైకిల్. అయితే 90 నిమిషాలన్నది సగటు మాత్రమే. సైకిల్ 70 నిమిషాలకే ముగియవచ్చు, 120 దాకా సాగవచ్చు. ఒకే మనిషికి ఒకే రాత్రి మొదటిది ఒకలా, నాలుగోది మరోలా ఉంటుంది. ఒక్కోదానిలో పది నిమిషాల తేడా వచ్చినా నాలుగు తిరిగేసరికి లెక్క 40 నిమిషాలు తప్పుతుంది. పైగా దిండు మీద తల పెట్టాక ఒకరోజు ఐదు నిమిషాల్లో నిద్ర పడుతుంది, ఇంకోరోజు అరగంట దొర్లాల్సి వస్తుంది. ఇక అలారాన్ని సైకిల్ చివర సరిగ్గా పెట్టడం ఎవరి తరం?

గాఢనిద్రలోంచి లేపితే మత్తు వదలదన్నది నిజమే. కానీ గాఢనిద్రలో ఎక్కువ భాగం రాత్రి మొదటి మూడు గంటల్లోనే అయిపోతుంది. తెల్లవారుజామున ఉండేది చాలావరకు తేలిక నిద్ర, కలల నిద్ర. కంటినిండా నిద్రపోయిన మనిషిని 5.30కి అలారం గాఢనిద్రలోంచి లేపే అవకాశం తక్కువ. నిద్ర బాకీ పడ్డవాళ్ల సంగతి వేరు, వాళ్లు ఏ దశలోంచి లేచినా విసుగ్గానే లేస్తారు. శరీర ఉష్ణోగ్రత కూడా తెల్లవారుజామునే బాగా తక్కువగా ఉంటుంది కాబట్టి లేచాక పావుగంట, అరగంట మత్తుగా ఉండడం ఎవరికైనా మామూలే. పది గంటలకు కౌంటర్లో కూర్చున్నాక కూడా దిమ్ము వదలకపోతేనే ఆలోచించాలి.

వాచీ అంకెను పక్కన పెట్టండి. అది చేతి కదలికను, గుండె వేగాన్ని చూసి వేసే అంచనా. మెదడు తరంగాలను అది చూడలేదు. పెద్దవాళ్లకు గాఢనిద్ర మొత్తం నిద్రలో ఇంచుమించు 15 నుంచి 20 శాతం. మీరు పడుకుంటున్నదే ఆరు గంటలైతే 50 నిమిషాలు అంటే పెద్దగా తక్కువేమీ కాదు.

ఇప్పుడు వేళల సంగతి. పెద్దవాళ్లకు కనీసం 7 గంటల నిద్ర కావాలి. మీరు లేచే వేళ మారదు కాబట్టి 10.15కల్లా పడుకుంటే సరిపోతుంది. అంతకంటే ముఖ్యం, 5.30ని ఆదివారం కూడా అటూఇటూగా పాటించడం. మహా అయితే 6.30. వారమంతా 5.30కి లేచి ఒక్కరోజు 8.30 దాకా పడుకుంటే ఒంట్లోని గడియారం వెనక్కి జరుగుతుంది, ఆ రాత్రి పదింటికి నిద్ర రమ్మన్నా రాదు. సోమవారం పొద్దున మీకు మరీ కష్టంగా ఉంటుంటే ఇదే కారణం కావచ్చు.

ఆ గడియారాన్ని సరిచేసేది వెలుతురు. చలికాలంలో మీ ఊళ్లో 6.30 దాటితే గానీ సూర్యుడు రాడు. పాపను బస్సు ఎక్కించడానికి ఎలాగూ బయటికి వస్తారు, ఆ పదిహేను నిమిషాలు ఎండ మొహాన పడేలా నిలబడండి. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చాక తాగే టీ, కాఫీ మానేయడమే మేలు. ఆరింటికి తాగిన కెఫీన్‌లో సుమారు సగం పదకొండింటికి కూడా ఒంట్లోనే ఉంటుంది.

సైకిల్ లెక్క కాస్త పనికొచ్చేది మధ్యాహ్నం కునుకు దగ్గర. 20 నిమిషాలకు అలారం పెట్టుకుంటే గాఢనిద్రలోకి జారకముందే లేస్తారు, తేలిగ్గా ఉంటుంది. గంట పడుకుంటే దిమ్మే మిగులుతుంది, రాత్రి నిద్ర కూడా ఆలస్యమవుతుంది.

ఒక మాట అడగొచ్చో లేదో గానీ అడుగుతాను. గిన్నెలు, కూరగాయలు, ఇస్త్రీ మూడూ మీరొక్కరే ఎందుకు చేస్తున్నారు? ఇస్త్రీ మీవారు తీసుకున్నా మీకు అరగంట ముందే నిద్ర దొరుకుతుంది. ఇది మందుల చీటీలో రాసే సంగతి కాదు, కానీ నా దగ్గరికి వచ్చే మీ వయసు ఆడవాళ్లలో చాలామందికి అసలు మందు ఇదే. నిద్రమాత్రలు, మెలటోనిన్ గమ్మీలు మాత్రం సొంతంగా కొని వాడకండి.

ఇలా మూడు వారాలు చేసినా మార్పు లేకపోతే డాక్టర్‌ను కలవండి. నెలసరిలో రక్తస్రావం ఎక్కువగా ఉన్నా, రాత్రిళ్లు కాళ్లు కదుపుతూ ఉండాలనిపించినా హీమోగ్లోబిన్, ఫెర్రిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే రక్తపరీక్ష) చూడాలి. వాటితోపాటు థైరాయిడ్ కూడా. పెద్దగా గురక, ఊపిరి ఆగినట్టై ఉలిక్కిపడి లేవడం, పొద్దున్నే తలనొప్పి, స్కూటీ మీద కునికిపాట్లు ఉంటే మూడు వారాలు ఆగొద్దు. అవి స్లీప్ అప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి సాగే జబ్బు) లక్షణాలు, స్లీప్ స్టడీ, అంటే రాత్రి నిద్రను యంత్రాలతో నమోదు చేసే పరీక్ష, అవసరం కావచ్చు. వచ్చేముందు ఒక రాత్రి మీ గురకను ఫోన్లో రికార్డు చేయమని మీవారికి చెప్పండి. ఆ రెండు నిమిషాల ఆడియో వాచీ గ్రాఫులకంటే మాకు ఎక్కువ పనికొస్తుంది.