58 సీసీ రంపం మిషన్‌కి స్పీడు పెంచాలంటే సైలెన్సర్ కోయించాలా?

మీరు అడిగింది ఇదీ: ఏడాది వాడిన 58 సీసీ చైనా మిషన్, 22 అంగుళాల బార్ (చైన్ తిరిగే పట్టీ), జామాయిల్ కోతకు వాడుతున్నారు. కోత నెమ్మదించింది. సైలెన్సర్‌కి బొక్కలు పెట్టి, బోరులో (సిలిండర్‌లో) గాలి, పొగ పోయే పోర్టులు పెద్దవి చేయిస్తే స్పీడు వస్తుందని మీ మెకానిక్ అంటున్నాడు. చేయించాలా వద్దా?

ఆ రెండు పనులూ నేను చేశానండీ. వాటిలో ఒకదానితో ఒక బోరు తగలేశాను కూడా. ఒంగోలుకి దక్షిణాన సముద్రం వైపు సరివి, జామాయిల్ తోటల్లో పన్నెండేళ్ళుగా కటింగ్ పట్టిస్తున్నాను. నాలుగు మిషన్లున్నాయి, రిపేర్లన్నీ నేనే చూసుకుంటాను.

ముందు ఆ 58 సంగతి. స్టిక్కర్ మీద అంకెని నమ్మకండి. నా మిషన్ మీదా 58 అనే ఉండేది. బోరు విప్పి వెర్నియర్ పెడితే 45.2 మి.మీ., స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 34. లెక్క కడితే 54.5 సీసీ చిల్లర. అంటే మెకానిక్ పెంచుతానంటున్న పవర్‌లో కొంత అసలు అమ్మినప్పుడే లేదు.

ఇక కోత ఎందుకు నెమ్మదించిందంటే, నూటికి తొంభై సార్లు కారణం చైన్. "చైన్ బాగానే ఉందండీ, మొన్ననే సాన పట్టించా" అంటారని తెలుసు. నేనూ అలాగే అనేవాడిని. ఒకసారి పొట్టు చూడండి. మిషన్ కింద పిండిలాగా రాలుతోందా, గోరంత రేకుల్లాగా ఎగురుతోందా? పిండి రాలుతుంటే ఆ చైన్ కొయ్యడం లేదు, రుద్దుతోంది. మా వైపు సరివి బెరడులో ఇసుక ఇరుక్కుని ఉంటుంది. గాలికి కొట్టుకొచ్చిన ఇసుకకి తోడు, దుంగని నేల మీద ఈడ్చినప్పుడు పట్టుకున్నది మరికొంత. అలాంటి దుంగ మీద ఒక్క కోత చాలు, పొద్దున పెట్టిన పదునంతా పోవడానికి. తాటిమాను అయితే ఇక చెప్పక్కర్లేదు.

ఓసారి పంతానికి పోయి ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి కొలిచాను. పది అంగుళాల పచ్చి జామాయిల్ దుంగ, అదే మిషన్, అదే మనిషి. ఉన్న చైన్‌తో 19 సెకన్లు పట్టింది. దాన్నే విప్పకుండా అక్కడే కూర్చుని సాన పెట్టాక 9 సెకన్లు. తర్వాత ఎప్పుడో సైలెన్సర్ తెరిచి, కార్బ్యురేటర్ సరిచేసి కోస్తే 8కి కొంచెం తక్కువ. ఆకురాయి ఇచ్చింది పది సెకన్లు, ఇంజన్ పని ఇచ్చింది ఒక్క సెకను. అందులోనూ ఆకురాయి ఖరీదు మీకు తెలుసు.

మీ చైన్ దాదాపు ఖాయంగా .325 పిచ్, అంటే అంగుళాల్లో లింకుల ఎడం. దానికి 4.8 మి.మీ. గుండ్రటి ఆకురాయి కావాలి. చాలామంది దొరికిన సైజుతో కానిచ్చేస్తారు. సన్నదైతే పంటిలో గొయ్యి పడుతుంది, లావుదైతే మొన తిరగబడుతుంది. పంటి మీద గీసి ఉండే 30 డిగ్రీల గీతని పట్టుకుని, లోపలి నుంచి బయటికి మాత్రమే తోయండి. వెనక్కి లాగేటప్పుడు ఎత్తేయండి. పంటికి మూడు తోపుళ్ళు చాలు, కానీ అన్నిటికీ అదే లెక్క ఉండాలి. కుడి పళ్ళు ఒక రకం, ఎడమ పళ్ళు ఒక రకం అరిగితే కోత వంకరపోయి బార్ దుంగలో పట్టేస్తుంది. అప్పుడు జనం ఇంజన్‌కి దమ్ము లేదనుకుంటారు.

పంటి ముందు చిన్న దిమ్మ ఉంటుంది చూశారా, అది పంటి మొన కన్నా 0.65 మి.మీ. కిందికి ఉండాలి. గేజ్ లేకపోతే ఆరేడు ఏ4 కాగితాలు దొంతర పెడితే ఎంత మందమో అంత. ఏడాదిగా పళ్ళు మాత్రమే అరగదీసి ఆ దిమ్మల్ని ముట్టుకోకపోతే, పళ్ళు ఎంత పదునున్నా చెక్కలోకి దిగవు. అలాగని ఆవేశంగా అరగదీశారో, చైన్ పెద్ద పెద్ద ముక్కలు కొరుకుతూ మిషన్ కుదుపుతుంది, క్లచ్ జారుతుంది, బార్ మొన ఎదురుతంతుంది. మా దగ్గర ఒకతను అలాంటి చైన్‌తో కోస్తుంటే మిషన్ ఎగిరి చైన్ బ్రేక్ పడింది. ఆ బ్రేక్ పనిచేసింది కాబట్టి మనిషి దక్కాడు.

బార్ 22 అంగుళాలెందుకు? మీరు కోసే జామాయిల్ దుంగ ఎనిమిది పది అంగుళాలు మించదు కదా. 18 అంగుళాల బార్, దానికి తగ్గ చైన్ వేయండి. తిరిగే పళ్ళు తగ్గుతాయి, రాపిడి తగ్గుతుంది, మిషన్ చేతిలో తేలిగ్గా ఆడుతుంది. బార్ ఆయిల్ కూడా చూసుకోండి. మొనని తెల్లటి కాగితం మీదకి చూపించి రేజింగ్ ఇస్తే సన్నటి నూనె గీత పడాలి. కాలిన ఇంజన్ ఆయిల్ పోసేవాళ్ళు చాలామంది ఉన్నారు, నేనూ పోశాను. అందులో ఉండే ఇనప రజను బార్ గాడిని తినేస్తుందని బార్లు మార్చి మార్చి తెలుసుకున్నాను.

కొందరు స్ప్రాకెట్‌కి, అంటే చైన్‌ని తిప్పే పళ్ళ చక్రానికి, ఒక పన్ను పెంచుతారు. లెక్క సులువే. 7 పళ్ళ స్ప్రాకెట్, .325 చైన్, నిమిషానికి 10,000 తిరుగుళ్ళు అనుకుంటే చైన్ సెకనుకి 19 మీటర్లు పోతుంది, గంటకి 69 కిలోమీటర్లు. 8 పళ్ళు వేస్తే 14 శాతం స్పీడు పెరుగుతుంది, కానీ లాగే బలం ఆ మేరకి తగ్గుతుంది. సన్నదుంగలకి బాగుంటుంది, లావు మొద్దులో ఆగిపోతుంది. పైగా మీ మిషన్‌లో పళ్ళు క్లచ్ డ్రమ్ముకే పోసి ఉంటాయి. విడిగా రిమ్ మార్చే ఏర్పాటు ఉన్న మిషన్లకే ఇది తేలిక.

ఇక సైలెన్సర్. మీ మెకానిక్ చెప్పింది అబద్ధం కాదు. కంపెనీవాళ్ళు చప్పుడు తగ్గాలని, పొగ నిబంధనలు దాటకూడదని బయటికి పోయే దారిని బాగా ఇరుకు చేస్తారు. టూ స్ట్రోక్‌లో పాత పొగ బయటికి పోతేనే కొత్త గాలి లోపలికి వస్తుంది. అందుకే దారి వెడల్పు చేస్తే ఊపిరాడుతుంది. ఆర్‌ఎక్స్ 100 బండ్ల కాలంలో సైలెన్సర్ జాలీ తీసి, బోరులో పోర్టులు చెక్కించిన వాళ్ళకి ఇది కొత్త కాదు. నాకు ఈ పిచ్చి పట్టించింది కూడా అలాంటి మెకానికే. మూడు ఊళ్ళ అవతలికి వినబడేలా బండి తయారుచేసేవాడు.

అయితే బండికీ రంపానికీ తేడా ఉంది. బండి మీద ఐదు నిమిషాలు ఫుల్లుగా లాగించి వదిలేస్తాం. రంపం రోజంతా ఫుల్లు మీదే ఉంటుంది.

నేను తగలేసిన మిషన్ కథ ఇదే. సైలెన్సర్ విప్పాను, లోపలి రేకు కోసేశాను, పక్కన ఇంకో బొక్క వేశాను. స్టార్ట్ చేస్తే గొంతు మారింది. యాక్సిలేటర్ నొక్కితే ఈల వేసినట్టు పైకి పోయింది. అబ్బ, ఏం స్పీడు అని మురిసిపోయాను. తోటలోకి తీసుకెళ్ళి ఒక పూట కోశాం. మధ్యాహ్నం ఒక దుంగ మధ్యలో ఉండగా స్పీడు పడిపోయింది, మళ్ళీ పుంజుకున్నట్టే చేసింది, టక్కుమని ఆగింది. తాడు లాగితే రాలేదు. చల్లారాక వచ్చింది, కానీ కంప్రెషన్ లేదు. తాడు ఉత్తి సంచీలోంచి వచ్చినట్టు వచ్చింది.

బోరు విప్పితే పిస్టన్ గాలి లోపలికి వచ్చే వైపు నున్నగా ఉంది. పొగ పోయే ఎగ్జాస్ట్ వైపు మాత్రం పైనించి కిందికి నిలువు గీతలు. రింగు గాడిలో అతుక్కుపోయింది. కరిగిన అల్యూమినియం బోరు గోడకి పూసినట్టు పట్టింది. నేను మురిసిపోయిన ఆ ఈలే చావుకేక అన్నమాట. పొగ దారి వెడల్పు చేసి గాలి పెంచాను, పెట్రోలు పెంచలేదు. పెట్రోలు చాలక ఇంజన్ కాగిపోయింది.

సైలెన్సర్ ముట్టుకుంటే కార్బ్యురేటర్ ముట్టుకోవాల్సిందే. పక్కన హెచ్ అని ఉండే స్క్రూని ఎడమకి తిప్పితే పెట్రోలు పెరుగుతుంది, కుడికి తిప్పితే తగ్గుతుంది. ఎయిర్ ఫిల్టర్ శుభ్రం చేసి, ఇంజన్ వేడెక్కాక, చైన్ గాలిలో ఉండగా ఫుల్ రేజింగ్ ఇవ్వండి. గొంతు కొంచెం మోటుగా, బరబరమంటూ తడబడాలి. చైన్‌ని దుంగలో దించగానే ఆ తడబాటు పోయి గొంతు తేటగా మోగాలి. ఎత్తగానే మళ్ళీ బరబర. అదీ సరైన చోటు. గాలిలోనే తేటగా, సన్నగా కేక వేస్తోందంటే పెట్రోలు చాలడం లేదు, వెంటనే వదిలేయండి. టాకోమీటర్ ఉంటే మేలే, లేకపోయినా చెవి పట్టేస్తుంది. స్క్రూలే లేని ఖరీదైన మిషన్లు ఉన్నాయి, ఎం-ట్రానిక్, ఆటోట్యూన్ లాంటివి. అవి తమంతట తామే సరిచేసుకుంటాయి. మీది ఆ బాపతు కాదు.

ఇంకో చిక్కు, ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి 14.7 కిలోల గాలి కావాలి, కిలో ఇథనాల్‌కి 9 చాలు. అంటే అదే స్క్రూ, అదే బొక్కలోంచి ఇప్పుడొచ్చే ఇంధనం ఆ గాలికి సరిపోదు. పాత పెట్రోలు మీద సరిగ్గా కూర్చిన మిషన్ కూడా ఇప్పుడు కొంచెం ఆకలిగా తిరుగుతుంది. దాని మీద సైలెన్సర్ కూడా కోస్తే ఏమవుతుందో ఊహించుకోండి. "పెట్రోలులో కలిపే ఆయిల్ ఎక్కువ పోస్తే సరిపోతుంది" అంటారు, అది తిరకాసు సలహా. ఆయిల్ పెరిగితే అదే లీటరులో పెట్రోలు తగ్గుతుంది, ఇంకా ఆకలవుతుంది. మీ పుస్తకంలో లీటరుకి 40 మి.లీ. అని ఉంటే అంతే పోయండి. మంచి ఆయిల్ అయి, పుస్తకంలో 50:1 అని ఉంటే 20 మి.లీ.

బొక్క ఎంత వేయాలి? బోరులో ఎగ్జాస్ట్ పోర్టు ఎంత ఉందో అందులో ముప్పాతిక వంతు వరకూ. అంతకు మించితే చప్పుడు తప్ప ఏమీ రాదు. పొగ ట్యాంకు వైపుకో, చేతి వైపుకో తిరగకుండా చూడండి, ప్లాస్టిక్ కరుగుతుంది. నిప్పురవ్వలు ఆపే జాలీ మాత్రం తీయకండి. ఎండాకాలం జామాయిల్ తోటలో కింద పరుచుకున్న ఎండుటాకు నూనెతో ఉంటుంది, ఒక్క రవ్వ చాలు.

పోర్టింగ్, బోరు కింద ప్యాకింగ్ తీసేయడం లాంటివి నా దృష్టిలో మీ మిషన్‌కి దండగ. ప్యాకింగ్ తీస్తే కంప్రెషన్ పెరుగుతుంది నిజమే. కానీ ముందు ప్లగ్ బొక్కలోంచి సోల్డర్ తీగ పెట్టి, పిస్టన్‌తో నలిపించి, నలిగిన మందం కొలవాలి. ప్యాకింగ్ తీసేశాక అది 0.5 మి.మీ. కన్నా తగ్గేటట్టుంటే పిస్టన్ వెళ్ళి బోరు పైకప్పుకి తగిలే ప్రమాదం ఉంది. నేను చేసిన మిషన్‌కి తాడు లాగినప్పుడల్లా ఎదురు తన్ని వేళ్ళు వాచేవి, కుర్రాళ్ళు దాన్ని ముట్టుకునేవాళ్ళు కాదు. పోర్టులు చెక్కాక అంచులు నున్నగా వాలు చేయకపోతే రింగు తట్టుకుని విరుగుతుంది, బోరు లోపలి పూత పెచ్చులూడుతుంది. టింబర్‌స్పోర్ట్స్ అనే కలప కోత పోటీల్లో హాట్ సా అని ఒక విభాగం ఉంది. ఇలా సొంతంగా కట్టుకున్న రాక్షస ఇంజన్లతో 46 సెం.మీ. దుంగ మీంచి క్షణాల్లో మూడు బిళ్ళలు కోసేస్తారు. వాళ్ళ ఇంజన్ ఆ కొన్ని సెకన్లు బతికితే చాలు. మన మిషన్ సాయంత్రం దాకా బతకాలి.

ఒక రోజు పనిలో చైన్ నిజంగా చెక్కలో ఉండే సమయం ఎంతో చూడండి. చెట్టు పడేయడం, కొమ్మలు కొట్టడం, బెరడు తీయడం, మోయడం, లోడెత్తడం. టన్ను లెక్కన కూలి ఇచ్చే పనిలో కోతలో మిగిలే సెకను ఎవరికీ డబ్బు తెచ్చిపెట్టదు. పట్టేసిన బోరు మాత్రం రెండు రోజుల పని తీసేస్తుంది.

అన్నట్టు, ఆ తగలేసిన బోరుని పారేయలేదు. బాత్‌రూం యాసిడ్‌లో దూది ముంచి, అల్యూమినియం పూసుకున్న చోట మాత్రమే అద్దాను. నురగ వచ్చి అది కరిగిపోయింది, కింద పూత నిలిచింది. వంటసోడా నీళ్ళతో కడిగి కొత్త పిస్టన్ వేస్తే ఇప్పటికీ తిరుగుతోంది. పూత ఊడిన చోట యాసిడ్ తగిలితే బోరునే తినేస్తుంది, అది చూసుకుని, బయట గాలిలో, చేతికి తొడుగు వేసుకుని చేయాలి.

మీరు రేపు చేయాల్సింది: సైలెన్సర్ విప్పండి, కోయడానికి కాదు, చూడడానికి. జాలీ మసితో మూసుకుపోయి ఉంటే మీ నెమ్మదికి సగం జవాబు అక్కడే ఉంది, వైర్ బ్రష్‌తో గీకి పెట్టేయండి. అది తీసినప్పుడు ఎగ్జాస్ట్ పోర్టులోంచి పిస్టన్ పక్క కనిపిస్తుంది. టార్చి వేసి ఒక ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. నిలువు గీతలు లేకపోతే, 4.8 ఆకురాయి కొని చైన్ సంగతి తేల్చాక సైలెన్సర్ గురించి మాట్లాడుకుందాం. గీతలుంటే మాత్రం ఇంకొక్క లీటరు కూడా తాగించకండి దానికి.