కోరంగి నుంచి వెళ్ళినవారే డోడోను తినేశారా?

కాదు, కోరంగి రేవులో ఓడ ఎక్కిన గోదావరి డెల్టా కూలీలు మారిషస్ దీవిలో ఉండే డోడో పక్షిని పులుసు పెట్టుకుని తినేశారన్నది నవ్వుకోవడానికి బాగున్నా, వారు ఆ దీవికి చేరింది 19వ శతాబ్దంలో కాగా, ఆ పక్షి 17వ శతాబ్దం ముగిసేసరికే అంతరించిపోయింది. 1598లో డచ్చివారు ఆ దీవిలో దిగిన తరువాత, ఓడలతో వచ్చిన ఎలుకలు, పందులు, కోతులు నేలమీది గూళ్ళలోని గుడ్లను తినేయడం, అడవులను నరకడం ఇందుకు ముఖ్య కారణాలు. వేటాడే జంతువులే లేనిచోట పెరిగి, ఎగిరే శక్తి కోల్పోయిన పక్షికి తప్పించుకునే దారి లేకపోయింది. పొరుగున ఉన్న రోడ్రిగ్స్ దీవిలో ఎగరలేని సాలిటేర్ పక్షి కూడా మనుషులు, పిల్లులు చేరాక 18వ శతాబ్దంలో ఇలాగే కనుమరుగైంది. డోడో మందబుద్ధి వల్ల నశించిందనడం మాత్రం దానికి చేసే అన్యాయమే, ఎందుకంటే శరీరంతో పోల్చితే దాని మెదడు పావురాల మెదడుకు దీటుగానే ఉండేదని పుర్రెల పరిశీలనలో తేలింది.