ఏ సీట్లోంచి చూశావో చెప్పు

తమ్ముడూ,

అమెరికాలోని నోటర్ డేమ్ అనే కాథలిక్ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. తీరిగ్గా చదివాను. 11 జాతీయ చాంపియన్‌షిప్‌లు, ఏటా మేటి కాలేజీ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీలు 7, బంగారు రంగు హెల్మెట్లు, 77 వేలమందికి పైగా పట్టే స్టేడియం, అన్నీ వరసగా వచ్చాయి. అంకెల్లో తప్పేం లేదు. కానీ మొదటి పేరాలో చెప్పుకున్న క్షమాపణ తప్పిస్తే, మూడో పేజీ దాటేదాకా నువ్వెక్కడా కనపడలేదు. ఆ మూడు పేజీలూ ఎవరైనా రాయొచ్చు. ఆ టీమ్ అంటే పడనివాడు కూడా రాయొచ్చు, అలాంటివాళ్ళకి అమెరికాలో కొదవేం లేదు.

నాలుగో పేజీలో, ఎందుకో మొహమాటపడుతూ, ఒక సంగతి చెప్పావు. 2024 సెప్టెంబర్ 7. అక్కడ శనివారం మధ్యాహ్నం మూడున్నర, బెజవాడలో మీ ఇంట్లో రాత్రి ఒంటిగంట. ఎదురుగా ఉన్నది నార్తర్న్ ఇల్లినాయ్, ఎవరూ లెక్కలోకి తీసుకోని జట్టు. 31 సెకన్ల ఆట మిగిలుండగా వాళ్ళు బంతిని గోల్ స్తంభాల మధ్యగా తన్ని, ఫీల్డ్ గోల్ కొట్టి 16-14కి వెళ్ళారు. నోటర్ డేమ్ ఆఖరి కిక్‌ని వాళ్ళ చేతులు మధ్యలోనే ఆపేశాయి. నువ్వు లాప్‌టాప్ మూసేసరికి మీ అమ్మగారు నిద్ర లేచి వచ్చి, "గెలిచారా మీవాళ్ళు?" అని అడిగారు. అక్కడితో ఆ పేరా ఆపేసి మళ్ళీ ట్రోఫీల్లోకి వెళ్ళిపోయావు!

ఆవిడకి నువ్వేం జవాబు చెప్పావు? అది రాయి. ఆ రాత్రంతా రాయి. ఫ్యాన్ చప్పుడు, వీడియో ఆగిపోయినప్పుడల్లా తిట్టుకున్న తిట్లు, నీతో రెండేళ్ళు చదివి ఇప్పుడు షికాగోలో ఉన్న స్నేహితుడు ఆ ఆఖరి క్వార్టర్లో మెసేజ్‌లు పెట్టడం మానేసిన సంగతి. అభిమానం గురించి నీ దగ్గరున్న సరుకంతా ఆ మూడున్నర గంటల్లో ఉంది. ఆ టీమ్ ఆఖరుసారి చాంపియన్ అయింది 1988 సీజన్‌లో, నువ్వు పుట్టక ముందు. నీ కళ్ళతో నువ్వు చూసిందల్లా ఎదురుచూపే. ఆ ఓటమి తర్వాత వాళ్ళు వరసగా 13 మ్యాచ్‌లు గెలిచి ఫైనల్ దాకా వెళ్ళి, 2025 జనవరి 20న అట్లాంటాలో ఒహాయో స్టేట్ చేతిలో 34-23తో ఓడారు. నువ్వు ఈ ఫైనల్‌కి రెండు పేజీలిచ్చి నార్తర్న్ ఇల్లినాయ్‌కి అయిదు వాక్యాలిచ్చావు. నేనైతే తిప్పి రాసేదాన్ని. ఫైనల్‌ని కోట్లమంది చూశారు. ఆ సెప్టెంబర్ రాత్రి బెజవాడలో మేలుకుని ఆ మ్యాచ్ చూసినవాళ్ళు ఎందరుంటారు?

ఇక నన్ను బాగా ఇబ్బంది పెట్టింది నీ మొదటి పేరా. "నేను కాథలిక్కుని కాను, ఐరిష్‌వాణ్ణి కాను, అక్కడ రెండేళ్ళు ఎం.ఎస్. చదివి వచ్చేసినవాణ్ణి, ఈ టీమ్ నాది అనుకునే హక్కు నాకుందో లేదో" అంటూ మొదలెట్టావు. ఈ క్షమాపణ తీసెయ్యి. మర్యాదకోసం పెట్టుంటావు గానీ, ఆ టీమ్ చరిత్ర చూస్తే దానికి ఆధారమే లేదు.

ఒకసారి 1920ల న్యూయార్క్‌కి వెళ్ళిరా. ఇండియానాలో ఎక్కడో ఉన్న కాలేజీ ఏటా ఆర్మీ (సైనిక కాలేజీ) జట్టుతో ఆడటానికి న్యూయార్క్ వచ్చేది. స్టేడియం నింపింది ఆ కాలేజీలో చదివినవాళ్ళు కాదు. ఐరిష్, ఇటాలియన్, పోలిష్ వలస కుటుంబాలవాళ్ళు, పోలీసులు, రేవు కూలీలు, ఫ్యాక్టరీ పనివాళ్ళు. చాలామంది ఏ కాలేజీ గడపా తొక్కనివాళ్ళే. భూగర్భ రైలెక్కి మ్యాచ్‌కి వచ్చేవాళ్ళు కాబట్టి వాళ్ళకి సబ్‌వే అలమ్నై అని పేరు పడింది. అలమ్నై అంటే పూర్వ విద్యార్థులు. చదవకుండానే పూర్వ విద్యార్థులయ్యారన్నమాట! ఆ టీమ్ దేశమంతటి టీమ్ అయిందంటే వీళ్ళ వల్లే.

వాళ్ళకి ఆ టీమ్ ఎందుకు కావాల్సి వచ్చిందో కూడా చూడు. ఆ రోజుల్లో ఇండియానా రాజకీయాలు కూ క్లక్స్ క్లాన్ అనే తెల్లజాతి దురహంకారుల సంఘం గుప్పిట్లో ఉన్నాయి. నల్లవాళ్ళతోపాటు కాథలిక్కులూ, యూదులూ వాళ్ళకి శత్రువులే. 1924 మేలో క్లాన్ నోటర్ డేమ్ ఉన్న ఊరు సౌత్ బెండ్‌లో సభ పెట్టుకోబోతే నోటర్ డేమ్ కుర్రాళ్ళు వీధుల్లో అడ్డగించి వాళ్ళ తెల్ల అంగీలు లాగేశారు. 1928లో న్యూయార్క్ గవర్నర్ ఆల్ స్మిత్ అధ్యక్ష పదవికి నిలబడ్డాడు. పెద్ద పార్టీ తరఫున ఆ పోటీకి దిగిన మొదటి కాథలిక్ ఆయనే. నవంబర్ 6, మంగళవారం, చిత్తుగా ఓడిపోయాడు. అదే వారం శనివారం, నవంబర్ 10న, యాంకీ స్టేడియంలో నోటర్ డేమ్ 12-6తో ఆర్మీని ఓడించింది. ఆ రోజు గ్యాలరీల్లో కూర్చున్నవాళ్ళలో ఎంతమంది మంగళవారం స్మిత్‌కి ఓటేసి ఉంటారో ఊహించుకో. నీ వ్యాసంలో ఈ మ్యాచ్ ఉంది, స్కోరు ఉంది, మంగళవారం మాత్రం లేదు.

మరో సంగతి. ఆ టీమ్‌ని టీమ్‌గా చేసిన కోచ్ నూట్ రాక్నీ నార్వేలో పుట్టి చిన్నప్పుడే షికాగో వచ్చినవాడు, లూథరన్. ఆయన కాథలిక్ అయింది 1925లో. అంటే 1924లో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా మొదటి జాతీయ చాంపియన్‌షిప్ గెలిపించిన నాటికి ఆయన కాథలిక్కే కాదు. ఇప్పటి కోచ్ మార్కస్ ఫ్రీమన్ తల్లి దక్షిణ కొరియా నుంచి వచ్చినావిడ. ఆయన కూడా కోచ్ అయ్యాకే, 2022లో, కాథలిక్ అయ్యాడు. వీళ్ళెవరూ హక్కు ఉందా లేదా అని అడుగుతూ కూర్చోలేదు. నువ్వెందుకు అడగడం?

రాక్నీ పేరెత్తాం కాబట్టి గిప్ కథ సంగతి. ఆ టీమ్ ఆటగాడు జార్జ్ గిప్ 1920 డిసెంబర్‌లో పాతికేళ్ళకే జబ్బుచేసి చనిపోయాడు. చనిపోయే ముందు తన కోసం ఒక మ్యాచ్ గెలవమని కోరాడని, ఎనిమిదేళ్ళ తర్వాత ఆ ఆర్మీ మ్యాచ్ రోజు రాక్నీ జట్టుకి చెప్పాడు. నువ్వు దీన్ని కన్నీళ్ళతో రాశావు. సరే. కానీ గిప్ నిజంగా ఆ మాట అన్నాడా అని చాలామంది చరిత్రకారులు అనుమానించారు. కుర్రాళ్ళలో ఆవేశం నింపడానికి రాక్నీ కథలు అల్లడం కొత్తేమీ కాదు. గిప్ కూడా సాధువేం కాదు, క్లాసులెగ్గొట్టి బిలియర్డ్స్, పేకాట ఆడి డబ్బు గెలిచే రకం. ఇదంతా దాచి అతన్ని పటం కట్టి గోడకి తగిలించావు. నాకు ఆ పేకాటవాడు ఇంకా నచ్చాడు. ఆ అనుమానాన్నీ కథ పక్కనే పెట్టు. నమ్మాలనుకున్నవాళ్ళు ఎలాగూ నమ్ముతారు.

నీ వ్యాసంలో ఒక వాక్యం దగ్గర పెన్సిల్‌తో గీత గీశాను. "మ్యాచ్ జరిగినంతసేపూ లైబ్రరీ గోడ మీద క్రీస్తు రెండు చేతులెత్తి మమ్మల్ని దీవిస్తూనే ఉన్నాడు." హెస్‌బర్గ్ లైబ్రరీ గోడ మీది ఆ కుడ్యచిత్రం నాకు తెలుసు. 1964 నాటిది, 134 అడుగుల ఎత్తు. ఎత్తిన ఆ చేతులు, బంతి ఆఖరి గీత దాటిందని రిఫరీ టచ్‌డౌన్ ఇచ్చినట్టు ఉంటాయని జనం దానికి టచ్‌డౌన్ జీసస్ అని పేరు పెట్టుకున్నారు. అయితే ఆ లైబ్రరీ స్టేడియానికి ఉత్తరాన ఉంది. ఉత్తరం కొసన కూర్చున్నవాడికి అది వీపు వెనక పడుతుంది. నువ్వెక్కడ కూర్చున్నావు? నిజంగా కనపడిందా, లేక పోస్ట్‌కార్డు మీద చూసింది గుర్తొచ్చిందా?

ఈ ప్రశ్న వందేళ్ళ పాతది. 1924 అక్టోబర్‌లో నోటర్ డేమ్ 13-7తో ఆర్మీని ఓడించినప్పుడు గ్రాంట్‌లాండ్ రైస్ అనే పత్రికా రచయిత నలుగురు ఆటగాళ్ళని బైబిల్లోని నలుగురు ఆశ్వికులతో పోల్చి, అక్టోబర్ ఆకాశం మీద వాళ్ళ రూపాలు కనపడ్డట్టు రాశాడు. అమెరికా క్రీడా రచనలో అంత పేరు పడ్డ వాక్యాలు తక్కువ. కాలేజీలో ప్రచారం పని చూసే ఒక విద్యార్థి ఆ నలుగురినీ నిజం గుర్రాలెక్కించి ఫొటో తీయించాడు, ఇక ఆ పేరు చెరిగిపోలేదు. తర్వాతి తరం రచయితలు మాత్రం ఒక జోకేసుకున్నారు: ప్రెస్ గ్యాలరీ పైన ఉంటుంది కదా, ఆటగాళ్ళ వెనక ఆకాశం కనపడాలంటే రైస్ మైదానంలో వెల్లకిలా పడుకుని చూసుండాలి అని. రైస్ వాక్యం అంటే నాకూ ఇష్టమే. అయినా నీ వయసులో ఉన్నవాళ్ళు ఆ జోకేసినవాళ్ళ దగ్గర నేర్చుకుంటే మంచిది. అది రాయడం రైస్‌కి చెల్లింది.

నీకు మాత్రమే కనపడేది ఒకటుంది, దాన్ని నువ్వే వదిలేశావు. మ్యాచ్ రోజు పొద్దున క్యాంపస్‌లో గ్రాటో అనే ప్రార్థనా గుహకి వెళ్ళి కొవ్వొత్తి వెలిగించానని ఒక్క ముక్క రాశావు. 1896లో కట్టిన ఆ గుహ ఫ్రాన్స్‌లోని లూర్దు గుహకి నమూనా. నువ్వు బెజవాడ పిల్లాడివి. గుణదల కొండ మీద ఉన్నదీ లూర్దు మాతే. ఫిబ్రవరిలో తిరునాళ్ళకి కొబ్బరికాయలు పట్టుకుని, తలనీలాలిచ్చి, మొక్కులు తీర్చుకునే జనంలో కాథలిక్కులు కానివాళ్ళు ఎంతమందో నీకు వేరే చెప్పాలా? మీ ఇంట్లోవాళ్ళు కూడా వెళ్ళుంటారు. ఇండియానా చలిలో ఆ కొవ్వొత్తుల వరసల ముందు నిలబడ్డప్పుడు నీకు ఏ కొండ గుర్తొచ్చిందో రాయి. గుర్తు రాకపోతే బలవంతంగా తెచ్చిపెట్టకు. వచ్చుంటే గనక, అక్కడే పుట్టి పెరిగి తాతల కాలం నుంచి సీజన్ టికెట్లున్నవాడు రాయలేని పేజీ అది.

ఆట నియమాలకి పేజీన్నర ఖర్చుపెట్టావు. అంత అక్కర్లేదు. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోవాలి, లేకపోతే బంతి అవతలివాళ్ళది. మన పాఠకుడికి ఈ ముక్క తెలిస్తే చాలు, మిగతాది అవసరమైన చోట అతనే పట్టుకుంటాడు. క్రికెట్ పోలికలూ తగ్గించు, పేరాకొకటి ఉంది.

ఇప్పుడు నీకు రుచించని మాట. నీ వ్యాసంలో ఆ కాలేజీ తప్పు ఒక్కటీ లేదు. 2010 అక్టోబర్‌లో ఈదురుగాలిలో ప్రాక్టీస్ వీడియో తీస్తున్న ఒక విద్యార్థి, ఎక్కిన లిఫ్ట్ కూలి చనిపోయాడు. ఇండియానా రాష్ట్రం యూనివర్సిటీకి జరిమానా వేసింది. 2012, 2013 సీజన్లలో చదువు విషయంలో జరిగిన అక్రమాలకి ఆ రెండేళ్ళ 21 విజయాలూ రికార్డుల్లోంచి కొట్టేశారు. 12 మ్యాచ్‌లూ గెలిచి ఫైనల్‌కి వెళ్ళిన ఆ 2012 సీజన్ గురించి నువ్వు ఎంతో మురిపెంగా రాశావు, కొట్టేసిన సంగతి మాత్రం దాటేశావు. నీకు తెలియక కాదు. అభిమాని ఇబ్బంది అంతా అక్కడే ఉంది: పుస్తకంలో లేని గెలుపులు చూసినవాళ్ళ తలల్లోంచి పోవు. ఆ ఇబ్బంది రాసి చూడు. ఆ విద్యార్థి సంగతి రాసేటప్పుడు మాత్రం వర్ణనలు వద్దు, జరిగింది చెప్పి ఊరుకో.

ఊరిని కూడా మర్చిపోయావు. సౌత్ బెండ్ అంటే స్టేడియం ఒక్కటే కాదుగా. అక్కడి స్టూడ్‌బేకర్ కార్ల ఫ్యాక్టరీ 1963 డిసెంబర్‌లో మూతపడింది. వేలమంది ఉద్యోగాలు పోయిన కొన్ని నెలలకే లైబ్రరీ గోడ మీద ఆ బొమ్మ లేచింది. రెండేళ్ళు అక్కడున్నావు, కాలేజీ బయట ఎవరితోనైనా మాట్లాడావా? బస్సు డ్రైవరో, ఇంటి ఓనరో, సరుకులు కొన్న షాపువాడో? ఉంటే ఆ మనిషిని ఒక పేరాలోకి పిలువు.

ఇక చివరి రెండు పేజీలు, 2025 మీద నీ కోపం. మొదటి రెండు మ్యాచ్‌లు ఓడి, తర్వాత పదీ గెలిచినా చాంపియన్‌ని తేల్చే ప్లేఆఫ్‌కి పిలవలేదు. దానికి వాళ్ళు, సీజన్ చివర విడిగా జరిగే బౌల్ మ్యాచ్ ఏదీ ఆడబోమని చెప్పేశారు. నువ్వు దాన్ని ఆత్మగౌరవం అన్నావు. నాకైతే అలిగి పంక్తిలోంచి లేచిపోయినట్టు అనిపించింది. ఆఖరి సంవత్సరం కుర్రాళ్ళకి అది ఇంకొక్క ఆట, ఆడనిస్తే ఏం పోయేది? ఏదైనా ఆ రెండు పేజీలూ ఇందులోంచి తీసి దాచు, కోపం చల్లారాక వేరే వ్యాసమవుతాయి. నేనన్నది తప్పనిపిస్తే ముందు దానికి జవాబు రాయి, వ్యాసం తర్వాత పంపుదువుగాని.

ఉంటాను. అమ్మగారిని అడిగానని చెప్పు.

అక్క