నెలకో శనివారం ఆయన లాడ్జికి వెళ్తారు

ప్రశ్న: మాది బరంపురం. తాతల కాలం నుంచి ఒడిశాలోని గంజాం జిల్లాలోనే ఉన్న తెలుగువాళ్ళం. మా వారికి 52 ఏళ్ళు. మామగారు పోయాక ఏడాది పాటు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. ఎనిమిది నెలల క్రితం ఒక స్నేహితుడు ఆయన్ని ఫ్రీమేసన్ లాడ్జిలో చేర్పించారు. నెలకో శనివారం నల్ల కోటు వేసుకుని, తాళం వేసిన చిన్న పెట్టె పట్టుకుని వెళ్తారు. అర్ధరాత్రి దాటాక వస్తారు. ఏం చేస్తారని అడిగితే "చెప్పకూడదు" అంటారు. మనిషి మాత్రం మళ్ళీ నవ్వుతున్నారు. చేరడానికి కట్టిన డబ్బు అమ్మాయి కోచింగ్ కోసం దాచింది. మతం మార్చేస్తారని అత్తగారు ఏడుస్తున్నారు. నాకు నిద్ర పట్టడం లేదు.

జవాబు: అమ్మా, ముందు అత్తగారి భయం సంగతి చూద్దాం. ఫ్రీమేసన్రీ మతం కాదు, మగవాళ్ళు అన్నదమ్ముల్లా కలిసే ఒక పాత సంఘం. దాని స్థానిక శాఖనే లాడ్జి అంటారు. దేవుడున్నాడని నమ్మాలంటారు, ఏ దేవుడని అడగరు. మన దేశంలో హిందువు భగవద్గీత మీద, ముస్లిం ఖురాన్ మీద, క్రైస్తవుడు బైబిల్ మీద ప్రమాణం చేసి చేరతారు. లాడ్జిలో మత చర్చ, రాజకీయాలు పనికిరావు. 1884లో కలకత్తాలో నరేంద్రనాథ్ దత్తా అనే యువకుడు కూడా ఇలాగే చేరాడు. తర్వాత ఆయనే స్వామి వివేకానంద అయ్యారు. ఈ సంగతి పెద్దావిడ పక్కన కూర్చుని మెల్లగా చెప్పండి.

మీ ఉత్తరంలో "లాడ్జి" అన్న మాట రెండుచోట్ల కొట్టేసి మళ్ళీ రాశారు. ఎందుకో అర్థమైంది. మన దగ్గర ఆ మాట వినగానే చుట్టాలకి హోటల్ గది గుర్తొస్తుంది. వెనకటికి ఇంగ్లండులో రాతిపని మేస్త్రీలు పని జరిగేచోట వేసుకున్న పాక పేరది. అందుకే మూలమట్టం, వృత్తాలు గీసే కంపాస్ వాళ్ళ గుర్తులయ్యాయి. మేస్త్రీలు కట్టుకున్నట్టే వీళ్ళూ నడుముకి ఏప్రన్ కట్టుకుంటారు. ఆ పెట్టెలో ఉండేది బహుశా అదే. తాళంచెవి కోసం మాత్రం వెతకకండి. దొరికేది ఒక గుడ్డ, పోయేది ఆయనకి మీ మీదున్న నమ్మకం.

నెలనెలా జరిగేది కూడా దాచేదేమీ కాదు. కిందటి సమావేశంలో అనుకున్నవి చదువుతారు, లెక్కలు చూస్తారు. కొత్తవాళ్ళుంటే వాళ్ళకి దీక్షలాంటి కార్యక్రమం ఉంటుంది. అందులో మూడు మెట్లు. పెద్ద పెద్ద పాఠాలు కంఠస్థం చేసి అప్పజెప్పాలి. సాయం కోసం చందా వేస్తారు. తర్వాత అందరూ కలిసి భోంచేస్తారు. ఆలస్యమయ్యేది ఎక్కువగా అక్కడే. ఒకరినొకరు గుర్తుపట్టే సైగలు, సంకేత పదాలు బయటపెట్టనని ఆయన మాట ఇచ్చి ఉంటారు. వాటిని అడగకండి. కానీ ఎక్కడ కూర్చుంటారు, ఎంత కట్టారు, ఏటా ఎంత కట్టాలి, ఎన్నింటికి వస్తారు, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే ఎవరికి ఫోన్ చేయాలి అన్నవి ఏ ప్రమాణం కిందికీ రావు. "చెప్పకూడదు" అన్న ఒక్క మాటతో ఆయన వీటన్నిటికీ తలుపు వేసేశారు. అది ఆయన తప్పే.

డబ్బు విషయంలో నేను పూర్తిగా మీ పక్షం. ఎదుటివాళ్ళకి చేసే సాయం తనకీ తన వాళ్ళకీ నష్టం కలగనంత వరకేనని వాళ్ళ పాఠాల్లోనే ఉంది. అమ్మాయి కోచింగ్ డబ్బు తీయడం ఆ మాటకే విరుద్ధం. ఆయనకి ఇది గుర్తుచేయండి. దెప్పినట్టు కాకుండా, తెలిసినట్టు చెప్పండి.

అయితే మీరే రాసిన ఇంకో మాట ఉంది, మనిషి మళ్ళీ నవ్వుతున్నారని. అది నన్ను చాలాసేపు కదలనివ్వలేదు. యాభై దాటి తండ్రిని పోగొట్టుకున్న మగవాళ్ళని నేను చాలామందిని చూశాను. పెళ్ళిళ్ళలో పలకరించేవాళ్ళే గానీ పక్కన కూర్చునేవాళ్ళు ఉండరు వాళ్ళకి. మీ బరంపురంలో అమ్మవారికి చేసే ఠాకురాణి యాత్ర రోజుల్లో ఊరంతా వీధుల్లో ఉన్నా గది తలుపు వేసుకుని పడుకునేవాళ్ళున్నారు. ఆయనకి నెలకో రాత్రి నలుగురు దొరికారు. మానేయమని మాత్రం అడగకండి.

శనివారం రాత్రి నిలదీయకండి. ఆదివారం టిఫిన్ అయ్యాక, అమ్మాయి ఇంట్లో లేనప్పుడు, ఒక కాగితం మీద కోచింగ్ ఫీజు వాయిదాల తేదీలు రాసి ఆయన ముందు పెట్టండి. ఏ నెల ఎంత తిరిగి వేస్తారో ఆయన చేతే రాయించండి. సభ్యులు మగవాళ్ళే అయినా కుటుంబాలతో కలిసే విందులు చాలా లాడ్జిల్లో జరుపుతారు. ఈసారి ఉంటే మిమ్మల్నీ తీసుకెళ్ళమనండి. అక్కడి ఆడవాళ్ళతో ఒక పూట కూర్చుంటే మీ టెన్షన్ సగం తగ్గుతుంది. కాగితం చూశాక కూడా ఆయన డబ్బు లెక్క చెప్పకపోతే, అప్పుడు ఇద్దరూ కలిసి నా దగ్గరికి రండి.